కొండ నీరును నగరపు వస్తుశాలయు

అనంతగిరి కొండలలో జన్మించిన మూసీనది తూర్పుగా బాఱి, హైదరాబాదు నగరమును రెండుగా జీల్చుచు, తన దక్షిణ తీరమున నిలిచిన సాలార్‌జంగు వస్తు ప్రదర్శనశాల చెంతనుండి సాగిపోవుచున్నది. ఆ శాలను జూచుటకు దేశదేశములనుండి జనులు వచ్చుచుందురు. ఆ యేటికి జన్మస్థానమైన మన సీమలోని గృహస్థులలో నెందఱు తమ బిడ్డలను వెంటబెట్టుకొని దానిని జూచి వచ్చిరి? పెండ్లి బట్టలకై నగరమునకు బోవుదుము, వ్యాజ్యములకై పోవుదుము, వైద్యమునకై పోవుదుము. చూచి నేర్చుకొనుటకై పోవుట మాత్రము మనకు వృథావ్యయముగా దోచును. ఈ తలంపును మార్చుకొనవలసిన కాలము వచ్చినదని మా మనవి.

అనంతగిరి సామాన్యమైన కొండ కాదు. ఈ కొండల నీరు ఒకవంక మూసీయై తూర్పునకు బోవుచున్నది. మఱియొకవంక కాగ్నాయై పడమటికి దిగి, తాండూరు సీమను దడిపి, కన్నడ దేశమున బ్రవేశించి భీమానదిలో గలియుచున్నది. మూసీ వాడపల్లికడ కృష్ణలో జేరును. భీమయు దుదకు గృష్ణలోనే జేరును. ఒక తల్లి కడుపున బుట్టి, చెఱియొక దిక్కునకు బోయి, మరల నొకే యేటిలో గలిసికొను నీ యక్కచెల్లెండ్ర కథ మన పాఠశాలలలో నెందఱు బాలురకు దెలియును? మూసీకి ముచికుందయను పేరు గలదనియు, కాలయవనుని భస్మము చేసిన ముచికుందుని పేర నీ నది వెలసినదనియు మన పెద్దలు చెప్పుదురు. అనంతపద్మనాభస్వామి దర్శనమునకేగిన వారిలో నా కథ విననివారరుదు. కాని కథ వినుట వేఱు. ఆ నదిని వెంబడించి పోయి, అది చేరిన నగరము తన యొడ్డున నేమి దాచుకొన్నదో కన్నులార జూచుట వేఱు.

సంవత్సరమున రాబోవు దినముల నొక్కమారు లెక్కింతము. ఆషాఢమున గోలకొండయందు బోనములు మొదలగును. మహాలయ అమావాస్య మొదలు దుర్గాష్టమి వఱకు బతుకమ్మ. కార్తికమున మన యనంతగిరి పెద్ద జాతర. నవంబరు 19వ తేది మొదలు 25వ తేది వఱకు ప్రపంచ వారసత్వ వారము. జనవరి 1వ తేది మొదలు ఫిబ్రవరి 15వ తేది వఱకు నాంపల్లి మైదానమున నుమాయిష్. మే నెల 18వ తేది అంతర్జాతీయ వస్తు ప్రదర్శనశాలల దినము. ఇది 1977వ సంవత్సరమునుండి జరుపబడుచున్నది. ఇందు గొన్ని మన పండుగలు, కొన్ని నగరపు పండుగలు. కాని ఇంటిల్లిపాదియు గలిసి పాల్గొనదగినవి యన్నియు. ఇట్టి యవకాశములు వరుసగా నుండగా, సెలవు దినములను బిడ్డలు చేతిలోని యంత్రపు టద్దమును జూచుచు గడపుటకు విడిచిపెట్టుట పెద్దల యాలస్యమే కాని మఱియొకటి కాదు.

నుమాయిష్ అనగానే స్త్రీలకు గాజులును, బాలురకు రంగుల రాట్నమును జ్ఞప్తికి వచ్చును. అందు దప్పు లేదు. కాని దాని పుట్టుకలో నొక గొప్ప యాశయము గలదు. 1938వ సంవత్సరమున ఉస్మానియా పట్టభద్రులు కొందఱు పబ్లిక్ గార్డెన్సునందు దీనిని నెలకొల్పినపుడు దీని పేరు 'నుమాయిష్ మస్నూఆతె ముల్కీ', అనగా స్వదేశ వస్తువుల ప్రదర్శనము. ఈ గడ్డపై దయారైన వస్తువును ఈ గడ్డవారికి జూపి, దానియం దభిమానము గలిగించుట వారి సంకల్పము. 1946లో నిది నాంపల్లి మైదానమునకు మాఱెను. హైదరాబాదు సంస్థానము 1948లో భారతదేశమున గలిసిన పిమ్మట దీనికి అఖిల భారత పారిశ్రామిక ప్రదర్శనమను పేరు నిలిచెను. దీనివలన వచ్చు నాదాయమును నిర్వాహక సంఘమువారు విద్యాలయముల కుపయోగించుచుండుట మిక్కిలి ప్రశంసనీయము. మనము కొను ప్రవేశపు చీటి వెల యెక్కడనో యొక బాలిక చదువునకు దోడ్పడుచున్నదని మన పిల్లలకు జెప్పిన, రాట్నమెక్కిన సంతోషముతోబాటు మఱియొక సంతోషము వారికి గలుగకపోదు.

నాంపల్లి స్టేషనునకు జేరువనే పబ్లిక్ గార్డెన్సున్నది. అందు రాష్ట్ర పురావస్తు ప్రదర్శనశాల గలదు. నిజాము ప్రభుత్వమున 1914లో స్థాపితమైన పురావస్తు శాఖ సేకరించిన శిల్పములు, శాసనములు, నాణెములు, ఆయుధములు జనులు జూచుటకై 1931లో నీ శాలయందు దెఱువబడెను. అజంతా గుహలలోని చిత్రముల ప్రతికృతులు నిచ్చట గలవు. పిల్లల కన్నిటికంటె వింతయైనది ఐగుప్తు దేశపు శవము. రెండు వేల యేండ్లకు మించిన యా బాలిక దేహము గడచిన శతాబ్దమున నీ నగరమునకు దేబడి, ఏడవ నిజాము ద్వారా ఈ శాలకు జేరెను. దాని జూచి భయపడు బిడ్డకు దండ్రి చెప్పవలసిన మాట యొకటి గలదు: 'నాయనా, ఐగుప్తువారు చచ్చినవారి నింత శ్రద్ధతో గాపాడుకొనిరి, మనము బ్రతికియున్న పెద్దల మాటనైన గాపాడుకొనుచున్నామా?' అని.

ఇక సాలార్‌జంగు శాల. మూడవ సాలార్‌జంగు మీర్ యూసుఫ్ అలీఖాను తన జీవితకాలమును, ధనమును వెచ్చించి సేకరించిన వస్తువులకిది నిలయము. ఆయన 1949లో వివాహము లేకయే గతించెను. సంతానము లేని యా ప్రభువు సొత్తునకు జనులే వారసులైరి. 1951 డిసెంబరు 16వ తేదిని జవహర్లాల్ నెహ్రూ దివాన్ దేవిడీయందు దీనిని దెఱచెను. 1961లో పార్లమెంటు చట్టముచే నిది జాతీయ ప్రాముఖ్యముగల సంస్థ యయ్యెను. 1968లో మూసీ యొడ్డునగల ప్రస్తుత భవనమునకు వచ్చెను. శుక్రవారమున దీనికి సెలవు. ఆ దినము బయలుదేఱి విసుగు చెందినవారిని మేమెఱుగుదుము.

అచ్చట బెన్జోనీ యను నిటలీ శిల్పి చెక్కిన రెబెక్కా విగ్రహము గలదు. చలువరాతిపై సన్నని మేలిముసుగును మలచి, దాని చాటున ముఖము గోచరించునట్లు చేసిన యా పనితనమును వర్ణింప మాటలు చాలవు. కాని జనము గుంపుగూడునది యచ్చట గాదు, గడియారము నొద్ద. కలకత్తాలోని కుక్ అండ్ కెల్వీ వారు సమకూర్చిన యా గడియారమునుండి గంట గంటకు నొక చిన్న బొమ్మ వెలికి వచ్చి, గంట కొట్టి, లోనికి బోవును. దాని కొఱకు దొరలును, కూలీలును, బురఖా వేసికొన్న తల్లులును, కుంకుమ బెట్టుకొన్న తల్లులును ప్రక్క ప్రక్కన గూర్చుండి, పిల్లలను దొడలపై నుంచుకొని, నిశ్శబ్దముగా గనిపెట్టుకొని యుందురు. పూర్వ మొక ప్రభువు దేవిడీలో మూయబడియున్న వేడుక నేడందఱిదియు నయినది. స్వరాజ్యమనగా నేమని యడుగు బాలునికి నా బల్లలమీది జనమును జూపినను జాలును.

ప్రయాణము కష్టమా? వాడి నుండి సికిందరాబాదునకు 1874లో వేయబడిన యినుపదారి మన తాండూరు, వికారాబాదుల మీదుగనే పోవుచున్నది. పైగాల నవాబు వికారుల్ ఉమ్రా పేర వెలసిన మన పట్టణమునుండి ప్రొద్దున బయలుదేఱినచో నగరమును జూచి రాత్రి భోజనమునకు దిరిగి యింటికి జేరవచ్చును. నాంపల్లియం దొక పూట, అచ్చటినుండి మెట్రో రైలున మహాత్మాగాంధీ బస్సుస్టేషను వఱకు బోయి మూసీ దాటి సాలార్‌జంగు శాలయం దొక పూట. సద్ది మూట గట్టుకొని పోవు కుటుంబమునకు దీనివలన నగు వ్యయము, ఒక విందులో మనము వ్యర్థముగా బాఱవేయు నన్నము విలువకు మించదు.

ఇంతవఱకు మేము చెప్పినది చూచి రండని. ఇక జెప్పబోవునది యంతకంటె ముఖ్యమైనది.

కొంతకాలము క్రిందట మేము సంగారెడ్డి జిల్లాలోని కొండాపురము వస్తుశాలకు బోయియుంటిమి. 1940-42 సంవత్సరములలో గులాం యజ్దానీ పర్యవేక్షణమున నచ్చటి దిబ్బలను ద్రవ్వగా, శాతవాహనుల కాలపు పట్టణము బయల్పడెను. వేలకొలది నాణెములు, పూసలు, మట్టి బొమ్మలు, ఇనుప పనిముట్లు, బౌద్ధ కట్టడముల పునాదులు దొరకినవి. రోమక చక్రవర్తి అగస్టసు నాటి బంగారు నాణెము సైత మా మట్టిలో నుండెను. మా వెనుక నొక పల్లెటూరి ముసలమ్మ తన మనుమని చేయి పట్టుకొని నడచుచుండెను. ఆమె నాణెములయొద్ద నిలువలేదు; బంగారమును గూడ జూడలేదు. అద్దము వెనుకనున్న మట్టి పాత్రల యొద్ద నిలిచి, మనుమనితో, 'బిడ్డా, ఇది మా యవ్వ యింట్లో వాడిన మూకుడు లెక్కనే ఉన్నదిరా' అన్నది. బాలుడు, 'అది యిప్పుడేడ ఉన్నది, అవ్వా?' అని యడిగెను. ఆమె కొంతసేపూరకుండి, 'ఏమో బిడ్డా, పాత సామాన్లోడికి ఏసినమో, ఏమో' అన్నది.

చదువరులారా, ఆ మాట మా చెవులలో నింకను మ్రోగుచున్నది. రెండు వేల యేండ్లు నేల కాపాడిన వస్తువును మన మిరువది యేండ్లు కాపాడలేకపోయితిమి. కొండాపుర ప్రజలు తమ కుండలను వస్తుశాలకై దాచలేదు. కాలవశమున నేల దాచెను. మన వస్తువుల నేల దాచుకొనదు. ఏలన మన మవి నేలకైనను మిగుల్చుట లేదు. కొత్త యిల్లు కట్టునపుడు చెక్కడపు ద్వారబంధములు నగరపు వర్తకుని బండి యెక్కును. ఇత్తడి గంగాళములు తూకమునకు బోవును. గుమ్ములు పొయ్యిలోని కట్టెలగును. కుంచము, మానిక, సోల, తవ్వ యను కొలతపాత్రల పేరులు నేటి బాలునకు నిఘంటువులోని మాటలు. తాతలనాటి పారశీక, ఉర్దూ కాగితములు, దస్తావేజులు, తాటాకు పుస్తకములు చెదలపాలగుచున్నవి. కపిలబాన తోలు సంచి యెట్లుండునో చూపుమన్న, చూపగల యిల్లు మన సీమలో నెన్ని గలవు?

భూస్వాములగు పాఠకులకు బ్రత్యేకముగా నొకమాట. మీ యిండ్లలో పల్లకి యున్నచో నది మీ గౌరవ చిహ్నమని తలంతురు. దానిని వస్తుశాలలో నుంచవలసినదే. కాని దానిని మోసిన బోయీల భుజములపై కాయలుగట్టిన కథయు దాని ప్రక్కన వ్రాయబడవలెను. పనిముట్టును జేసిన కమ్మరి, కుండను జేసిన కుమ్మరి, గొంగడి నేసిన కురుమ, చెప్పు కుట్టిన మాదిగ, వీరి పనితనము లేని వస్తుశాల సగము వస్తుశాల. నగరపు శాలలలో ప్రభువుల కత్తు లనేకములు గలవు. రైతు కొడవలి యెక్కడ? ఆ లోటును దీర్చవలసిన వారము మనమే.

ఇది కొత్త యూహ కాదు. కొమఱ్ఱాజు లక్ష్మణరావు గారి స్మారకముగా 1923లో హైదరాబాదున లక్ష్మణరాయ పరిశోధక మండలి వెలసెను. ప్రభుత్వాదరము లేని యాంధ్రభాషకు గొందఱు యువకులును, ఉద్యోగులును, వకీళ్లును గలిసి, సెలవు దినములలో నూరూర దిరిగి, తాళపత్రములను సేకరించి, శాసనములకు బ్రతులు దీసి, 1935లో 'తెలంగాణా శాసనములు' అను సంపుటమును బ్రకటించిరి. వారికి మోటారులు లేవు. చిత్రముల దీయు యంత్రములు నేటివలె నందఱి జేబులలో లేవు. ఉన్నదెల్ల మన చరిత్రను మనమే వ్రాసికొనవలెనను పట్టుదల. విదేశములను జూచినను, స్వీడను దేశమున ఆర్తుర్ హసేలియస్ అను నతడు పల్లె బ్రదుకులు కనుమఱుగగుచుండుట గని, రైతుల దుస్తులు, పనిముట్లు, తుదకు గుడిసెలను సైతము సేకరించి, 1891లో స్టాక్‌హోం నగరమున 'స్కాన్సెన్' అను నారుబయలు వస్తుశాలను దెఱచెను. నేడది వారి దేశపు కుటుంబములకు బండుగల విడిది. రాజు సొమ్మును గాదు, రైతు సొమ్మును జూచుటకు జనులు వచ్చుచున్నారు.

కావున మేము సూచించున దిది. వికారాబాదు జిల్లా 2016 అక్టోబరు 11వ తేదిని ఏర్పడినది. జిల్లాకు గచేరీలు వచ్చినవి. జిల్లాకు దన జ్ఞాపకమును దాచుకొను నిల్లు గూడ గావలెను. దానికై గొప్ప భవనము గట్టువఱకు వేచియుండ నక్కఱలేదు. కార్తికమాసమున అనంతగిరి జాతరకు జనులు కుటుంబములతో వత్తురు. వారసత్వ వారమును దఱచుగా నా జాతర దినములకు జేరువనే వచ్చును. ఆలయమునకు బోవు దారిలో, తగిన యనుమతితో, ఒక పందిరి వేసి, నాలుగు బల్లలు పఱచి, ఊరికొక వస్తువు చొప్పున జూపుటతో నారంభింపవచ్చును.

ఆ పందిరిలో నేమి యుంచవచ్చును? తాండూరు బండ నుంచుడు. కోట్లకొలది యేండ్ల క్రిందట నీటి యడుగున పొరపొరగా బేరుకొన్న సున్నపురాయి యది. పొర విడదీయు సుత్తియు, ఉలియు, వానిని బట్టిన కూలివాని మాటయు దాని ప్రక్కన నుంచుడు. నగరములో నెన్నియో యిండ్లవారు మన బండమీద నడచుచున్నారు. అది ఎక్కడిదో వారి బిడ్డలకు దెలియదు. తాండూరు కంది నుంచుడు. నల్లరేగడిలో, సున్నపురాతి పొరల యండన బండు నా కందికి 2022 డిసెంబరులో భౌగోళిక గుర్తింపు లభించినది. విత్తుట మొదలు విసురుట వఱకు వాడు పనిముట్లను వరుసగా నిలిపి, విసురుఱాయిని బాలికలచే ద్రిప్పింపుడు. ముసలమ్మలచే విసురుఱాతి పాటలను, బతుకమ్మ పాటలను బాడించి, యంత్రమున నెక్కింపుడు. ఆ పాటలు తెలిసినవారు ఏటేట దగ్గిపోవుచున్నారు. వారితోడనే పాటయు బోవును. మూసీ, కాగ్నాల దారులను నేలమీద ముగ్గుతో గీయించి, బిడ్డలను దానివెంట నడిపింపుడు.

వస్తువునకు గుర్తుచీటి ప్రధానము. పేరు, ఊరు, చేసినవారి వృత్తి, వాడిన కాలము, ఇచ్చిన కుటుంబము, ఈ యయిదును లేని వస్తువు మూగది. ఇచ్చువారు దానము చేయనక్కఱలేదు. ఎరువుగా నిచ్చి, రసీదు పుచ్చుకొని, జాతర పిమ్మట దిరిగి తీసికొనవచ్చును. నమ్మకము కలిగినపిమ్మట వారే యిత్తురు. మఱియు నొక హెచ్చరిక. దున్నునపుడు నేలలో నాణెములో విగ్రహములో దొరకినచో వానిని దాచుటయు, అమ్ముటయు నేరము. పది రూపాయల విలువకు మించిన నిక్షేపము దొరకినవారు కలెక్టరునకు దెలుపవలెనని 1878 నాటి చట్టమే విధించుచున్నది. చట్ట మటుండనిండు, దొంగచాటుగా నమ్మబడిన విగ్రహము ఏ సముద్రముల కావలనో ఊరు పేరు లేక నిలిచియుండును. అది మన తల్లి నమ్ముకొనుట వంటిది.

కొంద ఱనవచ్చును: 'ఇది ప్రభుత్వము చేయవలసిన పని. పంటల కష్టము తీఱక మేము చచ్చుచుండగా పాత కుండల గొడవ యేల?' అని. ప్రభుత్వము చేయవలసినది చేయక తప్పదు. దానిని మేమడుగుచునే యుందుము. కాని కుండ మన యింటిలో నున్నది, ప్రభుత్వమునొద్ద లేదు. పంటల కష్టమున్న మాటయు నిజమే. అయినను కఱవు కాలమున సైతము మన పెద్దలు విత్తనపు గింజలను దినలేదు. గుమ్ము అడుగున నొక మూట గట్టి యుంచిరి. పాత వస్తువు, పాత పాట, పాత కాగితము ఇవి జాతికి విత్తనపు గింజలు. వీనిని దిన్నవాడు మఱునాడేమి విత్తును?

ముందు నగరమునకు బోయి రండు. గడియారపు బొమ్మ గంట కొట్టుట జూచి రండు. వచ్చిన రాత్రి మీ బిడ్డ 'మనయింట నేమున్నది?' అని యడుగక మానదు. ఆ ప్రశ్నకు సమాధానముగా మీ యటక మీదనో, పెరటి మూలనో నింకను నొక్క వస్తువు మిగిలియున్నచో, దానిని దుమ్ము దులిపి, పేరు వ్రాసి, కార్తిక జాతరకు దెండు. మన కొండ నగరమునకు నీరిచ్చినది, ఱాయి యిచ్చినది, పప్పు యిచ్చినది. తనకొఱకు దన జ్ఞాపకమునైన మిగుల్చుకొనవలదా?